యూత్ టీమా, లోన్ కుర్రాళ్ళా: దేన్ని ఫాలో అవ్వాలి?

పర్లాకిమిడిలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చూసే మా బ్యాచ్‌కి ప్రతి సీజనూ ఇదే గొడవ: మన క్లబ్ అండర్-18 యూత్ టీమ్‌ని చూడాలా, లేక క్లబ్ వేరే టీములకి కొన్నాళ్ళు అప్పుగా (లోన్) పంపిన కుర్రాళ్ళనా?

టైం: అండర్-18 మ్యాచ్‌లు ఎక్కువగా మనకి సాయంత్రం పూట, టీ తాగుతూ చూడొచ్చు. లోన్ వాళ్ళవి చలికాలం శనివారాలు రాత్రి 8:30కి, అదీ నలుగురివీ ఒకేసారి, ఎవణ్ణని చూస్తాం?

ఖర్చు: యూత్‌కి పెద్దగా ఉండదు. లోన్‌కి ఇంకో సబ్‌స్క్రిప్షన్ ఎవడు కడతాడు, స్కోరు చూసుకోవడమే.

రిస్క్: యూత్ గోల్స్ చూసి మోసపోకండి. 2022 ఎఫ్ఏ యూత్ కప్ (ఇంగ్లండ్ క్లబ్బుల కుర్రాళ్ళ కప్పు) ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ కుర్రాడు గర్నాచో 2 గోల్స్ కొట్టి పైకొచ్చాడు, కరెక్టే, అందరూ రారుగా. పెద్దాళ్ళ భుజాలు తగిలితేగానీ అసలు సరుకు తెలీదు, ఇంగ్లండ్ స్టార్ హ్యారీ కేన్ అంతటోడే లోన్ మీద లేటన్ ఓరియంట్, మిల్‌వాల్, నారిచ్, లెస్టర్ అన్నీ తిరిగొచ్చాడు. కాకపోతే లోన్‌కెళ్ళిన చోట ఆడించకుండా బెంచీ మీద కూర్చోబెట్టారా, సీజన్ గోవిందా.

సాయంత్రాలు ఖాళీ అయితే యూత్. షాపు కట్టేసి లేటుగా ఇంటికొచ్చేవాడికి లోనే బెటరు, ఎవడెన్ని నిమిషాలు ఆడాడో పడుకునే ముందు చూస్తే సరి.