అరటికాయకు బీపీ ఎంత? జబ్బ మిషను, మణికట్టు మిషను, వాచీల్లో ఏది మేలు?

కావలిలో మా ఇంట్లో ఈ మధ్య బీపీ చూసేవి మూడు పోగయ్యాయి. మొదటిది రెండేళ్ళ కింద నేను నెల్లూరు పొగతోటలో ఒక మందుల షాపులో కొన్నది, జబ్బకు పట్టీ కట్టేది. రెండోది మా చెల్లెలు హైదరాబాదు నుంచి పంపిన మణికట్టు మిషను. మూడోది బెంగళూరులో ఉద్యోగం చేసే మా అన్న కొడుకు సంక్రాంతికి వచ్చి, పోతా పోతా తాత చేతికి తొడిగిన వాచీ. మా నాయనకు 73 ఏళ్ళు, పదేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. అమ్మకు షుగరు. పిల్లలందరికీ వీళ్ళకేదో ఒకటి కొనిపెట్టాలని ఉంటుంది. వాడుకోవాల్సింది మాత్రం వీళ్ళిద్దరే, అదీ మేమెవరం దగ్గర లేనప్పుడు. నేను పొద్దున ఎనిమిదికి బండెక్కితే మళ్ళీ రాత్రికే ఇంటికి.

కనుమ మర్నాడు పొద్దున మూడింటితోనూ వరసగా చూశాం. జబ్బ మిషను 146/88 అంది. మణికట్టుది 163/97 అంది. వాచీ 131/82 చూపించింది.

"ఇందులో నాది ఏదిరా?" అన్నాడు నాయన.

మంచి ప్రశ్నే. 131 అయితే మాత్ర బాగా పనిచేస్తున్నట్టు. 163 అయితే ఆ పూటే డాక్టరుకు ఫోన్ చేయాలనిపిస్తుంది. ఏ మిషను ఎందుకలా చెప్పిందో తేల్చుకోవడానికి నాకు వారం పట్టింది.

ముందు జబ్బ మిషను. మన ఆర్‌ఎంపీ డాక్టరు పట్టీ కట్టి, రబ్బరు బుడ్డి ఒత్తి, మోచేతి మడత దగ్గర స్టెతస్కోపు పెట్టి చప్పుడు వింటాడు. అది 1905లో కొరొట్కోఫ్ అనే రష్యా డాక్టరు చెప్పిన పద్ధతి. డిజిటల్ మిషను చప్పుడు వినదు. పట్టీ బిగిసినప్పుడు లోపలి రక్తనాళం కొట్టుకునే అదురు పట్టీలోని గాలికి తగులుతుంది. గాలి వత్తిడి మారే కొద్దీ ఆ అదురు పెరిగి, ఒక చోట గట్టిగా ఉండి, మళ్ళీ తగ్గుతుంది. ఆ పెరుగుదల, తరుగుదల నుంచి పై అంకె, కింది అంకె లెక్క కడుతుంది. గుండె లయ తప్పి కొట్టుకునే వాళ్ళ దగ్గర ఇది తడబడేది ఇందుకే. కొలిచేటప్పుడు చెయ్యి కదిపినా, మాట్లాడినా అంకె చెడుతుంది. మా నాయనకు పట్టీ కట్టగానే ఊళ్ళో విషయాలన్నీ గుర్తొస్తాయి.

మణికట్టు మిషనులో ఉన్నదీ ఇదే కిటుకు. తేడా అంతా చెయ్యి ఎక్కడుందన్న దాంట్లోనే. మేడ మీద ట్యాంకు ఉంటే కింది కొళాయిలో నీళ్ళు జోరుగా, పై కొళాయిలో సన్నగా వస్తాయి కదా, రక్తానికీ అదే లెక్క. కొలిచే చోటు గుండెకంటే 10 సెంటీమీటర్లు కిందకు ఉంటే అంకె ఏడెనిమిది పాయింట్లు ఎక్కువొస్తుంది, అంతే పైకుంటే అంత తక్కువొస్తుంది. జబ్బ ఎలాగూ గుండె ఎత్తులోనే ఉంటుంది కాబట్టి బల్ల మీద చెయ్యి ఆనిస్తే సరిపోతుంది. మణికట్టు అలా కాదు. నాయన కుర్చీలో కూర్చుని చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్కడికి గుండెనుంచి జానెడు పైనే దూరం. 163కూ 146కూ తేడా 17. బల్ల మీద రెండు దిండ్లు వేసి, వాటి మీద చెయ్యి పెట్టించి, మణికట్టు రొమ్ము ఎత్తుకు వచ్చాక మళ్ళీ చూస్తే 149 వచ్చింది. మిషను మంచిదే. కానీ రోజూ దిండ్లు సర్ది పెట్టేదెవరు?

అలాగని మణికట్టు మిషను దండగ అనను. జబ్బ బాగా లావుగా ఉండి పెద్ద పట్టీ కూడా చాలని వాళ్ళకు, జబ్బకు పట్టీ బిగిస్తే నొప్పి ఓర్చుకోలేని వాళ్ళకు అది పనికొస్తుంది. ప్రయాణంలో సంచీలో పడేసుకోవడానికి బాగుంటుంది. పెద్దవాళ్ళు ఇంట్లో ఒంటరిగా చూసుకునే దానికైతే నేను కొనమని చెప్పను.

ఇక వాచీ. అందరికీ మోజు దీని మీదే. దీంట్లో గాలీ లేదు, పట్టీ బిగియడమూ లేదు. కింద నుంచి పచ్చ లైటు చర్మం మీద పడుతుంది, నాడి కొట్టినప్పుడల్లా తిరిగొచ్చే వెలుతురు మారుతుంది. నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందో దాన్ని బట్టి బాగానే చెప్పొచ్చు. బీపీ మాత్రం ఆ అల ఆకారం చూసి వేసే అంచనా. సామ్‌సంగ్ వాచీల్లో బీపీ చూడాలంటే ముందు జబ్బ మిషనుతో కొలిచి ఆ అంకెలు వాచీకి చెప్పాలి, నాలుగు వారాలకోసారి మళ్ళీ చెప్పాలి. అంటే అసలు పెళ్ళికొడుకు ఇంట్లో ఉంటేనే ఈ తోడు పెళ్ళికొడుకు. యాపిల్ వాచీకి 2025లో బీపీ హెచ్చరిక వచ్చింది, అదీ అంకె చెప్పదు. 30 రోజుల నాడి తీరు చూసి, నీకు బీపీ ఉండొచ్చేమో అని ఒక కబురు పంపుతుంది. ఆ పైన వారం రోజులు పట్టీ మిషనుతో చూసి రాసుకోమంటుంది. అంత పెద్ద కంపెనీ కూడా చివరికి పట్టీ దగ్గరికే పంపుతోంది.

మా అన్న కొడుకు ఇచ్చింది ఆ తరహాది కాదు. ఏమీ చెప్పక్కర్లేదు, బటన్ నొక్కితే 30 సెకన్లలో అంకె ఇస్తుంది. నాకెందుకో అనుమానం వచ్చి, వంటింట్లో ఉన్న కూర అరటికాయకు దాన్ని కట్టి నొక్కాను. పచ్చ లైటు కాసేపు మిణుకుమని 117/76 అని చూపించింది. ఇంట్లో అందరికంటే అరటికాయే ఆరోగ్యంగా ఉంది. అమ్మ ఆ పూట దాన్ని వేపుడు చేసింది.

పట్టీ లోపలే చిన్న గాలిసంచి ఉండి నిజంగా బిగుసుకునే వాచీలు కూడా వచ్చాయి, ఓమ్రాన్ అలాంటిది చేసింది. వాటి జాతి వేరు, ధరా వేరు. మామూలు స్మార్ట్ వాచీని నడకకు, నాడికి వాడుకోండి. ఈసీజీ ఉన్న మంచి వాచీలు గుండె లయ తప్పడాన్ని కొంతవరకు పట్టుకుంటాయి. గుండెపోటును మాత్రం పట్టలేవు. రొమ్ములో నొప్పి వస్తే వాచీ చూసుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

కాబట్టి నా ఓటు జబ్బ మిషనుకే. కొనేటప్పుడు చూడాల్సింది పట్టీ సైజు, దాన్నే ఎవరూ అడగరు. భుజానికీ మోచేతికీ నడిమధ్య జబ్బ చుట్టుకొలత దర్జీ టేపుతో కొలుచుకుని షాపుకు వెళ్ళండి. మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల దాకా సరిపోతుంది, 42 దాకా వచ్చే పెద్ద పట్టీలూ ఉన్నాయి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కూడా చూపిస్తుంది. అంకెలు పెద్దగా, గదికి అవతల నుంచి కనపడేలా ఉండాలి. బ్లూటూత్, యాప్ అని వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టొద్దు, మా నాయన పాత డైరీలో పెన్నుతో రాస్తాడు, డాక్టరు కూడా దాన్నే చూస్తాడు. మంచి మిషను 1500 నుంచి 2500 లోపు వస్తుంది. డబ్బా మీద ఎంఆర్‌పీ చూసి హడలొద్దు, అడిగితే బాగా తగ్గిస్తారు. పట్టీ విడిగా దొరుకుతుందా అన్నది మాత్రం అడిగి తీసుకోండి, ముందు చిరిగేది అదే.

కొన్నాక అసలు కథ మొదలవుతుంది. టీ, కాఫీ, పొగాకు ఏది పడినా అరగంట ఆగాలి. ఒంటికి పోయొచ్చి, కుర్చీలో వెన్ను ఆనించి, కాళ్ళు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాకుండా వట్టి చేతికి కట్టాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోవాలి. ఆస్పత్రిలో 140/90 దాటితే ఎక్కువంటారు, ఇంట్లో కొలిచినప్పుడు ఆ గీత 135/85. ఈ సంగతి తెలియక చాలామంది 138 వచ్చినా ఫరవాలేదులే అనుకుంటారు.

మిషను ఇంట్లోకి వచ్చిన కొత్తలో మా నాయన రోజుకు పదిసార్లు చూసుకునేవాడు. 150 వస్తే టెన్షన్, ఆ టెన్షన్‌తో మళ్ళీ చూస్తే 158. చివరికి మిషను బీరువాలో పెట్టి తాళం అమ్మకిచ్చాను. ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఏడు రోజులు, పొద్దున మాత్ర వేసుకోకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. మిగతా రోజుల్లో తల తిరిగితేనో, ఏదైనా తేడాగా ఉంటేనో. పల్లెలో ఉండి ఏఎన్‌ఎం అందుబాటులో ఉన్నవాళ్ళు అసలు మిషను కొనకపోయినా, ఊళ్ళో ఆమె ఉండే ప్రభుత్వ క్లినిక్‌కు వెళ్ళి ఉచితంగా చూపించుకుని కాగితం మీద రాయించుకోవచ్చు.

షుగరు సంగతికొస్తే పోటీ రెండింటి మధ్యే, వేలు పొడిచి చూసే గ్లూకోమీటరు, జబ్బ వెనక అతికించే ప్యాచ్. గ్లూకోమీటరు చవక, స్ట్రిప్పులే ఖర్చు, ఒక్కోటి 20 రూపాయలకు అటూ ఇటూ. ఇది అణాపైసలతో సహా లెక్క చెప్పదు. 100 పైన ఉన్నప్పుడు ల్యాబు అంకెకు నూటికి 15 అటూ ఇటూ ఉండడం ప్రమాణాల్లోనే ఉంది. ల్యాబులో 200 వస్తే ఇక్కడ 170 రావచ్చు, 230 కూడా రావచ్చు. మాకు సముద్రం దగ్గర, గాలిలో తేమ ఎక్కువ, స్ట్రిప్పుల డబ్బా మూత తీసి పెట్టారంటే అవి పాడైనట్టే.

మా అమ్మకు పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం 268 వచ్చింది. ఇల్లంతా గోల. విషయం ఏమిటంటే, ఉలవపాడు నుంచి వచ్చిన బంగినపల్లి పండ్లు అప్పుడే పిల్లలకు కోసిపెట్టింది. తాను ఒక్క ముక్క కూడా తినలేదని ఒట్టేసింది, నేను నమ్మలేదు. చేతులు సబ్బుతో కడిగించి, బాగా తుడిపించి, వేరే వేలు పొడిస్తే 171. చక్కెర ఒంట్లో కాదు, వేలి కొసన అంటుకున్న మామిడి రసంలో ఉంది. ఆమెను అనుమానించినందుకు నాకు రెండు రోజులు మాటలు పడ్డాయి.

ప్యాచ్ ఇంకో రకం. లిబ్రే లాంటివి దాదాపు రెండు వారాలు ఒంటి మీదే ఉంటాయి, సన్నటి తీగ చర్మం కింద ఉండి కణాల మధ్య ఉండే ద్రవంలో చక్కెర చూస్తుంది. అందుకే రక్తంకంటే అయిదు, పది నిమిషాలు వెనకబడి చెబుతుంది. ఒక్కో ప్యాచ్ నాలుగైదు వేలు, ఫోను కూడా కావాలి. కందుకూరులో మా పిన్నమ్మ ఇన్సులిన్ వేసుకుంటుంది. రాత్రి మూడింటప్పుడు చెమటలు పట్టి లేచేది, పొద్దున చూస్తే షుగరు మామూలుగా ఉండేది. ప్యాచ్ పెట్టాక తెల్లవారుజామున 58కి పడిపోవడం బయటపడింది, డాక్టరు రాత్రి డోసు తగ్గించారు. ఆ పని వేలు పొడిచే మిషను చేయలేదు, ఆ టైములో లేచి ఎవరు పొడుచుకుంటారు?

అదే ప్యాచ్ ఆమెను ఒక రాత్రి ఏడిపించింది కూడా. ఫోను కూత పెట్టింది, షుగరు 60 అని. గబగబా లేచి రెండు చెంచాల పంచదార నోట్లో వేసుకుని, ఎందుకైనా మంచిదని వెంటనే వేలు పొడుచుకుంటే 124. ప్యాచ్ ఉన్న చెయ్యి కింద పెట్టుకుని పడుకుంది, ఆ నొక్కుడుకు అది తక్కువ చూపింది. అప్పటినుంచి రెండో పక్కకు తిరిగి పడుకుంటోంది.

ఇన్సులిన్ వాడేవాళ్ళకు, తెలియకుండా షుగరు పడిపోయే వాళ్ళకు ప్యాచ్ డబ్బులకు తగ్గ వస్తువే. మా అమ్మలా మాత్రల మీద ఉన్నవాళ్ళకు గ్లూకోమీటరు చాలు. మరీ కావాలంటే ఏడాదికోసారి ఒక్క ప్యాచ్ పెట్టించుకుని, మూడు ఇడ్లీలకు ఎంత పెరుగుతోందో, పులుసన్నానికి ఎంత పెరుగుతోందో కళ్ళారా చూసుకోవచ్చు. సూది లేకుండా షుగరు చెబుతామనే వాచీలు, ఉంగరాల జోలికి పోవద్దు. అలాంటి వాటికి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే జనాన్ని హెచ్చరించింది.

కరోనాలో అందరం ఎగబడి కొన్న ఆక్సీమీటరు గురించి ఒక్క ముక్క. డ్రాయరులో ఉంటే ముందు బ్యాటరీలు తీసేయండి, మాది కారిపోయి పాడైంది. గోళ్ళ రంగు ఉన్న వేలికి, చల్లబడ్డ వేలికి పెడితే అది చెప్పేది నమ్మకండి. ఊపిరితిత్తుల జబ్బు ఉన్న ఇంట్లో తప్ప కొత్తది కొనే పని లేదు.

వాచీ ఇప్పటికీ నాయన చేతికే ఉంది. పొద్దున నడకలో ఎన్ని అడుగులేశాడో చూసుకుని, రైల్వేస్టేషను దగ్గర టీ బంకులో స్నేహితులకు చెబుతాడు. మణికట్టు మిషను చెల్లెలికి తెలియకుండా పిన్నమ్మ ఇంటికి పోయింది, ఆమెకు జబ్బ నొప్పి. జబ్బ మిషను సరిగ్గా చెబుతోందా అని ఏడాదికోసారి డాక్టరు మిషను పక్కన పెట్టి చూపించుకోవడం మంచిది. వచ్చే నెల నెల్లూరు పోయేటప్పుడు దాన్ని, నాయన డైరీని సంచీలో వేసుకోవాలి. బీరువా తాళం అమ్మ దగ్గర అడగాలి.