హామిల్టన్ ఒట్టావా స్ట్రీట్‌లో మొట్టమొదటి టిమ్ హార్టన్స్: కాఫీకి కాదు, పై అంతస్తు కోసం వెళ్ళండి

టొరంటో, మిస్సిసాగా, బ్రాంప్టన్ సైడ్ ఉండే మనోళ్ళు టిమ్స్‌కి (కెనడా కాఫీ-డోనట్ చెయిన్ టిమ్ హార్టన్స్) కూడా రివ్యూనా, సందుకొకటి ఉంది కదా అంటారని తెలుసు. నేను రాసేది హామిల్టన్‌లో ఒట్టావా స్ట్రీట్ నార్త్ మీదున్న షాపు గురించి, 1964 మేలో మొట్టమొదటి టిమ్ హార్టన్స్ తెరిచింది అక్కడే. అప్పటి బిల్డింగ్ ఇప్పుడు లేదులెండి, చెయిన్‌కి 50 ఏళ్ళు నిండిన టైంలో పడగొట్టి రెండంతస్తులది కట్టారు. కింద మామూలు షాపే, పైన పాత ఫోటోలు అవీ పెట్టి చిన్న మ్యూజియంలా చేశారు.

ముందు తిండి సంగతి తేల్చేద్దాం. కాఫీ అన్ని బ్రాంచీల్లో ఉండేదే, ఇక్కడేదో స్పెషల్‌గా ఉంటుందని రావద్దు. డబుల్ డబుల్ అంటే రెండు క్రీమ్, రెండు షుగర్, ఫిల్టర్ కాఫీకి అలవాటు పడ్డ నాలుకకి అది కొంచెం పల్చగానే అనిపిస్తుంది కాబట్టి డార్క్ రోస్ట్ అడగండి, నాకైతే అదే నచ్చింది. యాపిల్ ఫ్రిటర్ (యాపిల్ ముక్కల డోనట్) తప్పకుండా తినండి, 1964 నుంచీ ఉన్న ఐటమ్ అది, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా భలే ఉంటుంది. దాని జోడీ డచీని (ఎండుద్రాక్ష డోనట్) మధ్యలో మెనూలోంచి తీసేశారు, అప్పుడప్పుడు మళ్ళీ తెస్తుంటారు, కనిపిస్తే వదలొద్దు. పిల్లలకి ఎలాగూ టిమ్‌బిట్స్ (చిన్న డోనట్ ఉండలు) కొనక తప్పదు. అవి వచ్చింది 1976లో, అంటే ఈ షాపు పెట్టిన టిమ్ హార్టన్ పోయిన రెండేళ్ళకి, ఆ మహానుభావుడు తన పేరున్న టిమ్‌బిట్ ఒక్కటి కూడా తినలేదన్నమాట. గుడ్డు తినని వాళ్ళు మాత్రం అడిగి తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. మన స్టూడెంట్స్ ఎంతమంది టిమ్స్‌లో పార్ట్‌టైమ్ చేస్తారో తెలుసు కదా, రోజూ ఆ పేరున్న కప్పులే చేతిలో పట్టుకుంటారు, ఆయనెవరో అడిగితే ఓనరేమో అంటారు. ఓనర్ అన్నది కరెక్టే కానీ అసలు ఆయన ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఉత్తర అమెరికా పెద్ద ఐస్ హాకీ లీగ్‌లో, 24 సీజన్లు ఆడిన డిఫెన్స్‌మన్. ఐస్ హాకీలో గోలీ కాకుండా ఒక్కో టీంకి ఐదుగురు మంచు మీద ఉంటారు, ముగ్గురు ఫార్వర్డ్స్, ఇద్దరు డిఫెన్స్. ఎదుటోడు పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) తీసుకుని గంటకి నలభై కిలోమీటర్ల స్పీడ్‌లో దూసుకొస్తుంటే ఈ ఇద్దరూ వెనక్కి స్కేటింగ్ చేస్తూ వాడిని గోడ వైపు నెట్టాలి, షాట్‌కి అడ్డం పడాలి, పక్ లాక్కుని మళ్ళీ ముందుకి పంపాలి. గోల్ కొట్టినోడి పేరు పేపర్లో వస్తుంది, గోల్ పడకుండా చూసినోడి పేరు రాదు, మన ఇళ్ళల్లో వంట బాగుంటే ఎవరూ మాట్లాడరు చూడండి, ఉప్పు ఎక్కువైతేనే వంటావిడ గుర్తొస్తుంది, అచ్చం అలాంటి ఉద్యోగం.

హార్టన్ 1930లో ఉత్తర ఒంటారియోలో కాక్రేన్ అనే ఊళ్ళో పుట్టాడు. 1952 నుంచి టొరంటో మేపుల్ లీఫ్స్‌లో రెగ్యులర్. 1955 మార్చిలో న్యూయార్క్ రేంజర్స్ ఆటగాడు బిల్ గాడ్స్‌బీ కొట్టిన బాడీ చెక్‌కి (ఒంటితో గుద్దడం) కాలూ దవడా రెండూ విరిగాయి, తర్వాతి సీజన్ కూడా సగం దాకా పోయింది. అలాంటి మనిషి 1961 ఫిబ్రవరి నుంచి 1968 ఫిబ్రవరి దాకా ఒక్క మ్యాచ్ మిస్ అవ్వకుండా వరసగా 486 ఆడాడు. డిఫెన్స్‌మెన్‌లో ఆ రికార్డు 2007 దాకా ఎవరూ దాటలేదు. నాకైతే ఆయన కెరీర్‌లో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే, కప్పులు టీం అంతా కలిసి కొట్టేవి, ఇది ఒక్కడి ఒళ్ళు. కప్పులూ తక్కువేం కాదు, లీగ్ ఛాంపియన్‌కిచ్చే స్టాన్లీ కప్ 1962, 63, 64, 67లో నాలుగుసార్లు. 1967 తర్వాత లీఫ్స్ మళ్ళీ కప్పు ఎత్తలేదు, టొరంటోలో ఆఫీస్ కొలీగ్ దగ్గర ఈ టాపిక్ తీయకండి.

బలం గురించైతే కథలే కథలు. హాకీ దిగ్గజం గోర్డీ హౌ అంతటోడే హాకీలో అందరికన్నా బలమైనోడు ఇతనే అన్నాడు. గొడవొస్తే పిడిగుద్దులు కాదు, రెండు చేతులతో వాటేసుకుని నలిపేసేవాడు. బోస్టన్ ఆటగాడు డెరెక్ శాండర్సన్ ఒకసారి ఆ పట్టులో పక్కటెముకలు పోతున్నాయనిపించి ఇంకేం చేయలేక కొరికేశాడట. కళ్ళు మాత్రం సరిగ్గా కనపడవు, బయట కళ్ళద్దాలు ఉండాల్సిందే! 1968, 69 రెండేళ్ళూ ఫస్ట్ ఆల్‌స్టార్ టీంలో (ఆ సీజన్ బెస్ట్ ఆటగాళ్ళ లిస్ట్) డిఫెన్స్ జోడీ కుర్ర స్టార్ బాబీ ఆర్, హార్టన్, వాళ్ళిద్దరి మధ్య పద్దెనిమిదేళ్ళ తేడా. బెస్ట్ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ మాత్రం ఒక్కసారీ రాలేదు.

మరి ఇంత ఆడేవాడికి డోనట్లు ఎందుకయ్యా అంటే డబ్బులు. అప్పట్లో లీగ్‌లో ఆరే టీంలు, ఇప్పట్లా మిలియన్లు లేవు, చాలామంది సమ్మర్‌లో వేరే పనులు చేసుకునేవాళ్ళు, పైగా కాలు విరిగి మంచాన పడ్డవాడికి ఆట ఎన్నాళ్ళుంటుందో అన్న భయం లేకుండా ఉంటుందా. ముందు బర్గర్ షాపులు పెట్టాడు, అవి నడవలేదు. తర్వాతే ఈ హామిల్టన్ షాపు, పాత పెట్రోల్ బంకు స్థలంలో. 1965లో రాన్ జాయిస్ అనే మాజీ పోలీసాయన దీన్ని ఫ్రాంచైజీగా తీసుకున్నాడు, 1967కి ఇద్దరూ పార్ట్‌నర్స్. చిత్రం ఏంటంటే ఆట అయిపోయాక బతుకుతెరువుకని పెట్టిన షాపులు పెరుగుతూనే ఉన్నాయి, ఆటా అయిపోలేదు. 1970లో లీఫ్స్ వాళ్ళు ఆయన్ని రేంజర్స్‌కి ట్రేడ్ చేశారు, తర్వాత పిట్స్‌బర్గ్, ఆ తర్వాత పాత కోచ్ పంచ్ ఇంలాక్ బఫెలో సేబర్స్‌కి పిలుచుకున్నాడు.

పై అంతస్తు చూసే ముందు చివరి రాత్రి సంగతి తెలుసుకుని వెళ్తే ఆ ఫోటోలు వేరేలా కనిపిస్తాయి. 1974 ఫిబ్రవరి 20న బఫెలో తరఫున టొరంటోలోనే మ్యాచ్, దవడ దెబ్బతో ఆడి మూడో పీరియడ్‌లో దాదాపు కూర్చునే ఉన్నా, టీం ఓడినా, ఆ రోజు స్టార్స్‌లో (మ్యాచ్‌లో బాగా ఆడిన ముగ్గురు) ఆయన పేరు చెప్పారు. దారిలో ఓక్‌విల్ ఆఫీస్‌లో జాయిస్‌ని కలిసి, ఇంలాక్ బోనస్‌గా ఇచ్చిన పాంటెరా స్పోర్ట్స్ కారులో బఫెలోకి బయల్దేరి తెల్లారకముందే సెయింట్ క్యాథరిన్స్ దగ్గర హైవే మీద యాక్సిడెంట్‌లో పోయాడు, 44 ఏళ్ళు. సీట్ బెల్ట్ లేదు, మందు లిమిట్‌కి రెట్టింపు ఉందని 2005లో కాగితాలు బయటికొచ్చాయి. అప్పటికి షాపులు నలభై దాకా ఉన్నాయి. మరుసటి ఏడాది భార్య లోరీ తన వాటా జాయిస్‌కి పది లక్షల డాలర్లకి అమ్మేసింది, తర్వాత కోర్టుకెక్కినా గెలవలేదు. చెయిన్ ఎంతయిందో చూశాక ఆ పది లక్షలు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఎవరు వెళ్ళాలంటే, పిల్లల్ని హాకీలో వేసినవాళ్ళు ముఖ్యంగా. చిన్నపిల్లల లీగులకి టిమ్స్ డబ్బు పెట్టే టిమ్‌బిట్స్ హాకీలో హాకీ సూపర్‌స్టార్ సిడ్నీ క్రాస్‌బీ కూడా ఆడాడు అని చెప్పండి, మీ వాడి కళ్ళు ఎలా అవుతాయో చూడండి. దీని కోసమే టొరంటో నుంచి పనిగట్టుకుని రావక్కర్లేదు, పైన అంతా తాపీగా చూసినా ఎక్కువ టైం పట్టదు. నయాగరాకి చుట్టాల్ని తీసుకెళ్తూ ఆగితే సరిపోతుంది, హామిల్టన్ దారిలోదే. పూర్తి హాకీ చరిత్ర కావాలంటే టొరంటో డౌన్‌టౌన్‌లో హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది, హార్టన్‌ని అందులో 1977లో చేర్చారు, దానికి టికెట్ ఉంటుంది, ఇక్కడైతే ఒక కాఫీ కొనుక్కుంటే చాలు. నా రేటింగ్: కాఫీకి మూడు, ఫ్రిటర్‌కి నాలుగున్నర, పై అంతస్తుకి ఐదు. కాఫీ కింద కొనుక్కుని కప్పు పట్టుకుని పైకెక్కండి.