సరళాసాగర్ సైఫన్ల కోసం రెండు రోజులు

మా బాపు నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. నిజాంసాగర్ కట్టించిన చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ అంటే ఆయనకు ప్రాణం. ఆ ఇంజనీరు పుట్టిన జూలై 11నే (1877) తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవం. అయినా మనవరాలికి ఆ పేరు తెలియదని బాపుకు దిగులు. "చదివితే రాదు బిడ్డా, కట్ట మీద నిలబడాలె" అన్నారు. నిజాంసాగర్ దూరమని, సరళాసాగర్ జలాశయం చూద్దామని పాలమూరు వైపు పోయాం. నల్గొండ నుంచి కారుకు రెండు రోజులకు 7,500, టోల్ వేరే.

మొదటి రోజు కోయిల్‌సాగర్ చూశాం, బాగుంది. రాత్రి వనపర్తిలో లాడ్జి మాత్రం మమ్మల్ని ఏడిపించింది. ఫోన్లో 1,200, కింది గది అన్నారు. తొమ్మిదింటికి పోతే మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, 1,600. ఒక్క పరుపుకు ఇంకో 300. బిల్లు మాత్రం 1,200కే రాసిచ్చారు! మోకాళ్ల నొప్పితో బాపు ప్రతి మలుపులో ఆగి ఆగి ఎక్కారు. మా ఆవిడ గొడవకు దిగితే వద్దని చెయ్యి పట్టుకున్నారు. రాత్రంతా మాట్లాడలేదు. ముసలివాళ్లతో వెళ్లేవాళ్లు గది చూశాకే డబ్బు కట్టండి.

తెల్లారి మదనాపురం దగ్గర సరళాసాగర్. వనపర్తి రాజా రామేశ్వరరావు పూనికతో 1949లో మొదలై 1959లో పూర్తయింది. నీళ్లు దూకుతున్న చప్పుడు వినగానే బాపు నా చెయ్యి వదిలేసి ముందుకు నడిచారు.

"తాతా, గేట్లు ఎవరు తెరిచారు?" అంది పాప.

"గేట్లే లేవు తల్లీ. ఇవి సైఫన్లు, అంటే వంపు గొట్టాలు. నీళ్లు నిండంగనే గొట్టంల గాలిని గుంజుకపోతయి, ధార పడుతది. మట్టం దిగితే గాలి లోపలికొస్తది, దానంతటదే ఆగుతది."

మనిషి లేడు, మోటారు లేదు. అర్ధరాత్రి వరదొచ్చినా పని చేస్తుంది. 2019 డిసెంబర్ 31న ఈ కట్టకు గండి పడింది, తర్వాత మళ్లీ కట్టారు. అక్కడికెళ్లి బాపు చెప్పు విడిచి మట్టిని మడమతో నొక్కి చూశారు. "గట్టిగనే ఉంది" అన్నారు.

నిండితేనే సైఫన్లు పారతాయి, కొత్తకోటలో కనుక్కుని వెళ్లండి. మధ్యాహ్నం జూరాల దగ్గర చేపల వేపుడు, నలుగురికి 640. రాత్రి తినని బాపు రెండోసారి వడ్డించుకున్నారు.