4 జీబీ కార్డు మీద ఈఎన్‌బీ: మూడేళ్ల కుస్తీ తర్వాత

ముందే చెప్పేస్తున్నా, నాది పెద్ద పీసీ కాదు. 2021లో కొన్న ల్యాప్‌టాప్, అందులో జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 4 జీబీ వీడియో మెమరీ, 1080పీ స్క్రీన్, 144 హెర్ట్జ్. ఉండేది కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ చివరి అంతస్తులో, అంటే మే నెలలో రాత్రి పదకొండయినా స్లాబు వేడి కక్కుతూనే ఉండే గదిలో. ఈ వేడి సంగతి ఎందుకు చెప్తున్నానో తర్వాత మీకే తెలుస్తుంది. ఇదే మెషిన్ మీద స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ అనే గేమ్‌కి ఈఎన్‌బీ వేసుకుని మూడేళ్లుగా ఆడుతున్నాను. ఆడుతున్నాను అనడం కూడా కొంచెం ఎక్కువే, మొదటి ఏడాది ఆడింది తక్కువ, సెట్టింగ్ మార్చడం గేమ్ మూయడం మళ్లీ తెరవడం, ఇదే ఎక్కువ.

తెలియని వాళ్ల కోసం ఒక్క ముక్క. ఈఎన్‌బీ అంటే బోరిస్ వొరొంత్సోవ్ అనే ఆయన రాసిన గ్రాఫిక్స్ మాడ్, మాడ్ అంటే గేమ్‌ని మార్చడానికి బయటివాళ్లు రాసే అదనపు ముక్క. మామూలు మాడ్‌లలా గేమ్ డేటా ఫోల్డర్లోకి పోదు, గేమ్ ఈఎక్స్ఈ ఉన్న చోటే డీ3డీ11 డీఎల్ఎల్ పేరుతో కూర్చుంటుంది. గేమ్ డైరెక్ట్‌ఎక్స్‌కి, అంటే బొమ్మ గీయించే విండోస్ వ్యవస్థకి, పంపే పనిని మధ్యలో పట్టుకుని దానికి తన నీడలూ వెలుగులూ కలిపి ముందుకు తోస్తుంది. 2016లో వచ్చిన గేమ్, అసలుది అయితే 2011 నాటిది, ఇప్పటికీ కొత్తగా కనిపిస్తోందంటే సగం కారణం ఇలాంటివే. కానీ ఆ కలిపే పనంతా మన కార్డే చెయ్యాలి కదా, పేచీ అక్కడే.

నేను చేసిన మొదటి తప్పు, బహుశా అందరూ చేసేదే, స్క్రీన్‌షాట్లు చూసి ప్రీసెట్, అంటే ఎవరో ముందే సర్ది పెట్టిన సెట్టింగుల కట్ట, ఎంచుకోవడం. కొండ మీద సాయంత్రం ఎండ, మంచు, ఒక యోధుడు అలా నిలబడి ఉంటాడు, అబ్బా అనిపిస్తుంది. దించుకుని వేస్తే నా దగ్గర సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలే. స్క్రీన్‌షాట్ తీసే వాడికి ఒక్క ఫ్రేమ్ చాలు, అది వచ్చేదాకా ఎంతసేపైనా ఆగుతాడు. మనకి సెకనుకి అన్నీ కావాలి. ఇంత చిన్న విషయం నా బుర్రకి ఎక్కడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది.

ఇప్పుడు నేను చేసేది తలకిందులు. ముందు నంబర్ ఖాయం చేసుకుంటా, అందం తర్వాత. నా నంబర్ సెకనుకి 48 ఫ్రేములు. ఆఫీసులో ఒక ఫ్రెండ్ నవ్వాడు, "48 ఏంట్రా మామా, అయితే 60 పెట్టు లేకపోతే 30 పెట్టు" అని. 144ని మూడుతో భాగిస్తే 48. స్క్రీన్ సెకనుకి 144 సార్లు రిఫ్రెష్ అవుతుంది కాబట్టి ప్రతి ఫ్రేమూ కచ్చితంగా మూడు రిఫ్రెష్‌ల పాటు నిలబడుతుంది. అదే 55 వస్తోందనుకోండి, ఒక ఫ్రేమ్ రెండు రిఫ్రెష్‌లు ఉంటుంది, తర్వాతది మూడు ఉంటుంది, నంబర్ పెద్దదే గానీ కెమెరా తిప్పితే కుదుపు కనిపిస్తుంది. వాణ్ని కూర్చోబెట్టి ఆడించా. పది నిమిషాల తర్వాత అడిగాడు, "ఇది 60 కాదా?" అని. మీ స్క్రీన్ 120 అయితే 40 పెట్టుకోండి, మామూలు 60 స్క్రీన్ అయితే మాత్రం 60 లేదా 30, మధ్యలో ఆగితే సుఖం లేదు. లిమిట్ పెట్టడానికి ఈఎన్‌బీలోనే ఎఫ్‌పీఎస్ లిమిటర్ ఉంది, ఈఎన్‌బీలోకల్ ఫైల్లో దొరుకుతుంది. రివాట్యూనర్ అనే సాఫ్ట్‌వేర్‌తో కూడా పెట్టొచ్చు, నేను దానితోనే పెడతా.

పైన లిమిట్ పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ గేమ్ ఫిజిక్స్ ఫ్రేమ్ రేటుకి ముడిపడి ఉంటుంది, 60 దాటితే లెక్క తప్పుతుంది. ఏ మాడూ వెయ్యకముందు ఒకసారి 144 మీద వదిలేస్తే, ఒక ఇంటి తలుపు తెరిచి లోపల అడుగు పెట్టగానే బల్ల మీద గిన్నెలూ జున్ను ముద్దలూ లేచి గోడకి కొట్టుకున్నాయి. దయ్యం పట్టిన ఇల్లేమో, కథలో భాగమేమో అనుకున్నా. ఎస్ఎస్ఈ డిస్‌ప్లే ట్వీక్స్ అనే మాడ్ వేస్తే ఇది సర్దుకుంటుంది, 48 మీద ఆడేవాడికైనా అది ఉండటం మంచిదే.

48 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమ్‌కి 20.8 మిల్లీసెకన్లు. మన జీతం అదే అనుకోండి, అద్దె, కరెంటు బిల్లు, పాలు అన్నీ అందులోంచే. దేనికెంత పోతోందో చూడాలంటే మంచి చోటు కాదు, చెత్త చోటు కావాలి. నా టెస్టు జాగా గేమ్‌లో రిఫ్టెన్ అనే ఊరి వైపు పసుపు ఆకుల అడవి, వాన పడుతుండగా. అక్కడ ఒక సేవ్ పెట్టుకుని, ప్రతి మార్పు తర్వాత అదే దారిలో రెండు నిమిషాలు నడుస్తా. అక్కడ నిలబడిందంటే ఎక్కడైనా నిలబడుతుంది. షిఫ్ట్ పట్టుకుని ఎఫ్12 నొక్కితే ఈఎన్‌బీ ఎఫెక్టులు ఆగి, మళ్లీ నొక్కితే వస్తాయి, తేడా అక్కడికక్కడే చూసుకోవచ్చు. అన్నట్టు, గేమ్ నడుస్తుండగా తెరుచుకునే ఈఎన్‌బీ ఎడిటర్‌లో సెట్టింగ్ మార్చాక సేవ్ కొట్టడం మర్చిపోకండి, అరగంట కష్టం ఒకసారి గంగలో కలిసింది నాకు.

అన్నిటికన్నా ఎక్కువ తినేది ఎస్ఎస్ఏఓ, అంటే మూలల్లో, వస్తువులు నేలని తాకే చోట వచ్చే మెత్తటి నీడ. తీసేస్తే బొమ్మ చప్పబడిపోతుంది, అందుకే తియ్యను, తగ్గిస్తా. అందులో సైజ్ స్కేల్ అని ఒకటుంది, దాన్ని 1 నుంచి 0.5కి దించితే వెడల్పూ ఎత్తూ రెండూ సగమవుతాయి కాబట్టి లెక్క కట్టాల్సిన పిక్సెల్స్ నాలుగో వంతే. నాకు ఏడెనిమిది ఫ్రేములు తిరిగొచ్చాయి, తేడా మాత్రం ఆగి గోడ దగ్గరికి వెళ్లి చూస్తే తప్ప కనిపించదు. ప్రీసెట్ ఎస్ఎస్ఏఓ వాడుతుంటే గేమ్‌లో సొంతంగా ఉండే ఇలాంటి నీడ, అంటే ఏఓ, ఆపెయ్యండి, రెండూ నడిస్తే మూలలన్నీ మసి పూసినట్టుంటాయి, పైగా డబుల్ ఖర్చు. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ పూర్తిగా తీసేశా. మాట్లాడేటప్పుడు వెనక మసకబారితే బావుంటుంది నిజమే, కానీ జుట్టు అంచులూ గడ్డీ దగ్గర అది తికమకపడుతుంది. నాకు చిరాకు.

నీడల సంగతి ఈఎన్‌బీలో కాదు, స్కైరిమ్‌ప్రెఫ్స్ ఫైల్లో ఉంటుంది. నీడలు గీసే షాడో మ్యాప్ రిజల్యూషన్ 4096 అంటే కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు పిక్సెల్స్, 2048కి నాలుగింతలు. 2048 చాలు. దానికన్నా షాడో డిస్టెన్స్ తగ్గించడం వల్ల నాకు ఎక్కువ ఒరిగింది, ఎందుకంటే దూరం తగ్గితే అదే మ్యాప్ తక్కువ నేల మీద పరుచుకుంటుంది, దగ్గరి నీడలు ఇంకా పదునుగా వస్తాయి. ఖర్చు తగ్గి అందం పెరిగే సెట్టింగ్ ఇంకోటి నాకైతే దొరకలేదు. గడ్డి మాడ్ వేసిన వాళ్లు మిన్ గ్రాస్ సైజ్ చూడండి, మామూలుగా 20 ఉంటుంది, నంబర్ పెంచితే గడ్డి పలచబడుతుంది, నేను 60లో ఉన్నా.

ఇక టెక్స్చర్లు, అంటే వస్తువుల మీద అతికించే బొమ్మలు. 4 జీబీ కార్డు వాడేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు, నేనూ పడ్డా. 4కే టెక్స్చర్ ఒకటి బీసీ7 కంప్రెషన్లో పిక్సెల్‌కి ఒక బైటు చొప్పున 16 ఎంబీ, దాని చిన్న కాపీలన్నీ కలుపుకుంటే 21 దాటుతుంది. 2కే అయితే ఐదున్నర లోపే. ఒక కవచానికి రంగు మ్యాప్ ఒకటి, ఎగుడుదిగుడులు చూపించే నార్మల్ మ్యాప్ ఒకటి అనుకున్నా రెండూ కలిపి 40 పైనే, ఊళ్లో పది మంది పది రకాల బట్టలేసుకుని తిరుగుతుంటే ఇంక చెప్పేదేముంది! మెమరీ నిండాక ఫ్రేమ్ రేటు మెల్లగా తగ్గదు, అదే చిక్కు, బాగానే నడుస్తూ నడుస్తూ అర సెకను బిగుసుకుపోతుంది. నేను ఈఎన్‌బీని తిట్టుకుంటూ నెల రోజులు ఎఫెక్టులన్నీ ఒక్కొక్కటే పీకేశా, తీరా చూస్తే దొంగ ఇక్కడున్నాడు. ఇప్పుడు కొండలకీ నేలకీ 2కే, గిన్నెలూ గంపలూ బుట్టలకి 1కే. రొట్టె ముక్కకి 4కే వేసిన మాడ్ ఒకటి చూశా, దాని మీద పుట్టుమచ్చ వెతుక్కోవాలా ఏంటి?

ఏ సెట్టింగ్ మార్చే ముందైనా ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు, వాడకం ఎంతో చూడండి. 97, 98 శాతం ఉందా, కార్డు మీద భారం ఎక్కువైందని అర్థం, ఎస్ఎస్ఏఓ తగ్గిస్తే పని జరుగుతుంది. 60, 65 దగ్గర ఉండి కూడా ఫ్రేములు రావడం లేదంటే సీపీయూ చేతులెత్తేసినట్టు, అప్పుడు ఎన్ని ఎఫెక్టులు పీకినా దండగ. జనం ఎక్కువ ఉన్న ఊళ్లలో నాకు ఇదే జరిగేది. ల్యాప్‌టాప్‌తో వచ్చింది ఒకే 8 జీబీ ర్యామ్ స్టిక్, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి ఇంకో 8 కొన్నా. షాపతను "అన్నా, గేమింగ్‌కైతే కూలింగ్ ప్యాడ్ తీస్కో" అన్నాడు, నేను వినలేదు. సగటు ఫ్రేములు రెండో మూడో పెరిగాయంతే, కానీ ఊళ్లో కుదుపులు సగానికి సగం పోయాయి. రెండు స్టిక్‌లు ఉంటే మెమరీ డ్యూయల్ చానెల్‌లో నడుస్తుంది, తేడా నిజంగానే తెలుస్తుంది.

షాపతను చెప్పిందీ తప్పు కాదని మే నెలలో తెలిసింది. జనవరిలో పెట్టుకున్న సెట్టింగులు జనవరికే. బయట 42 డిగ్రీలు, గదిలో కూలర్, కార్డు 87 డిగ్రీల దగ్గర తనంతట తానే క్లాక్, అంటే వేగం, తగ్గించుకుంటోంది, 48 కాస్తా 39. ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోతకి అమ్మ పక్క గదిలోంచి "ఏంట్రా అది, ఈ టైమ్‌లో మిక్సీ వేశావా" అని కేక. ఇంటి దగ్గర ఒక షాపులో థర్మల్ పేస్ట్ మార్పిస్తే ఒక స్క్రూ బిగించకుండా ఇచ్చారు, ఇంకా వేడెక్కింది, మళ్లీ తీసుకెళ్లి గొడవపడి వచ్చా. చివరికి పని చేసింది అండర్‌వోల్ట్. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్ ఎఫ్ నొక్కితే వోల్టేజీకీ క్లాక్‌కీ మధ్య కర్వ్ వస్తుంది, అదే క్లాక్‌ని తక్కువ వోల్టేజీతో నడిపించడమే. కొంచెం కొంచెంగా దించుతూ, గేమ్ క్రాష్ అయిన చోటు నుంచి ఒక మెట్టు వెనక్కి రావాలి. ఏడు డిగ్రీలు తగ్గింది నాకు. అయినా ఏప్రిల్ నుంచి జూన్ వానలు పడేదాకా వేరే ఫైలు వాడతా, దానికి ఎండాకాలం అనే పేరు పెట్టుకున్నా, అందులో 36 ఫ్రేములు, 144లో నాలుగో వంతు.

ప్రీసెట్ మార్చేవాళ్లకి ఒక హెచ్చరిక. పాతదాని ఫైళ్లు పూర్తిగా తీసేశాకే కొత్తది వెయ్యండి. మాడ్ ఆర్గనైజర్ వాడుతున్నా సరే, ఈఎన్‌బీ ఫైళ్లు ఉండేది గేమ్ ఫోల్డర్లో కాబట్టి వాటిని మామూలుగా అది పట్టించుకోదు. నేను రెండు ప్రీసెట్లు ఒకదాని మీద ఒకటి వేసి, ఆకాశం ఊదారంగులో వస్తే అదే ఆ ప్రీసెట్ స్టైల్ కాబోలు అనుకుని వారం ఆడా.

ఇలాంటిదే ఇంకో గ్రాఫిక్స్ మాడ్, కమ్యూనిటీ షేడర్స్ గురించి అడుగుతారని తెలుసు. నాలుగు నెలలు వాడా. ఈఎన్‌బీతో కలిపి నడవదు, ఏదో ఒకటే. నా కార్డు మీద అది తేలిక, ఊళ్లో 48 నిలబెట్టడానికి కష్టపడనక్కర్లేదు, గడ్డి మీద వెలుగు పడే తీరు చాలా నచ్చింది. బలహీనమైన మెషిన్ ఉన్నవాళ్లు ముందు దాన్నే చూడండి, అందులో నాకు మొహమాటం లేదు. అయినా నేను ఈఎన్‌బీకి తిరిగొచ్చేశా. తెల్లవారుజామున చెట్ల మధ్య నుంచి పొగమంచులో పడే ఎండ నా ప్రీసెట్‌లో ఎలా వస్తుందో, నాకు దానిలో అలా రాలేదు. కొంత అలవాటు కూడా అయ్యుండొచ్చు. చిన్న బొమ్మని పెద్దది చేసి ఫ్రేములు పెంచే డీఎల్ఎస్ఎస్ వేసుకోమని సలహా ఇచ్చే, ఆర్టీఎక్స్ కార్డులున్న బాబులకి నమస్కారం, 1650లో అది నడవదు.

ఇన్ని చేసినా రిఫ్టెన్ అడవిలో వాన పడితే ఇప్పటికీ 43కి పడుతుంది. గుర్రం మీద పరిగెత్తితే కొత్త ప్రాంతాలు గబగబా లోడ్ అవ్వాలి కాబట్టి ఇంకో రెండు పోతాయి. ఆ దారిలో మాత్రం గుర్రం దిగి నడిచే వెళ్తున్నా.