రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10: మెషిన్‌కు పూర్తి మార్కులు, మాస్కు మాత్రం పెట్టుకుని చూసి కొనండి

సీపాప్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే మెషిన్) కొనాలనుకునేవాళ్లు ముందుగా మెషిన్ గురించే ఆరా తీస్తారు. ఏ కంపెనీ, ఎంత ధర, ఎన్నేళ్ల వారంటీ అని. రాత్రంతా ముఖాన్ని అంటిపెట్టుకుని ఉండే మాస్కు గురించి అడిగేవాళ్లు తక్కువ. కొన్నేళ్లుగా వాడుతున్నదాన్ని కాబట్టి గట్టిగా చెప్పగలను, మెషిన్ ఎంపికకు ఒక పూట పెడితే మాస్కుకు రెండు పూటలు పెట్టండి.

మాది గుంటూరు. రాత్రి నిద్రలో ఊపిరి తీరును చూసే స్లీప్ స్టడీ పరీక్షలో నాకు గంటకు 34 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గిపోవడమో జరుగుతోందని తేలింది. ఈ లెక్కనే ఏహెచ్‌ఐ అంటారు. 5 లోపు ఉంటే మామూలు, 30 చేరితే తీవ్రం. గురక మగవాళ్ల జబ్బని మన ఇళ్లలో గట్టి నమ్మకం. నాకు పొద్దున లేస్తూనే తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు వస్తుంటే అందరూ నెలసరి ఆగే వయసు మీదికి నెట్టేశారు. ఆ వయసు దాటాక ఆడవాళ్లలో స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బు, పెరుగుతుందని డాక్టరుగారు చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. యాభై దాటిన అక్కచెల్లెళ్లు ఈ ఒక్క సంగతైనా గుర్తుపెట్టుకోండి.

నేను వాడే ఎయిర్‌సెన్స్ 10 ఆటోసెట్ 2014లో వచ్చిన మోడల్. తర్వాత 11 కూడా వచ్చింది కానీ, నాకు మార్చాలనిపించలేదు. గాలి ప్రెషర్‌ను 4 నుంచి 20 సెంటీమీటర్ల (నీటి మట్టంతో కొలిచే లెక్క) మధ్య అవసరాన్ని బట్టి తానే పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. ఫ్యాను తిరుగుతుంటే దీని చప్పుడు వినపడదు. మాస్కు పెట్టుకుని ఊపిరి తీస్తే దానంతటదే మొదలవుతుంది. పొద్దున తెర మీద ఎన్ని గంటలు వాడామో, మాస్కు సరిగ్గా అతికిందో లేదో, గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో కనిపిస్తుంది. నాకిప్పుడు ఆ అంకె 3 దాటడం లేదు.

ఇంటికి తెచ్చిచ్చిన డీలరు మాత్రం కనీసం 4, గరిష్ఠం 20 అని అలాగే వదిలేసి వెళ్లిపోయాడు. 4 దగ్గర నాకు గాలి చాలక ఉక్కిరిబిక్కిరి అయ్యేది. మెషిన్ పక్కనుండే మెమరీ కార్డును డాక్టరుగారు కంప్యూటర్‌లో పెట్టి చూసి, కనీస ప్రెషర్ 7కు పెంచాక ఆ బాధ పోయింది. అది నా అంకె, మీది మీ డాక్టరే తేల్చాలి. గాలి ఆడటం లేదని మెషిన్‌ను అటక ఎక్కించేసినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో కొందరికైనా ఈ ఒక్క మార్పు చేస్తే సరిపోయేదని నా నమ్మకం.

ఇక మాస్కు. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివాన్ ఈ చికిత్సను లోకానికి చెప్పిన రోజుల్లో మాస్కును రోజూ రాత్రి ముక్కుకు జిగురుతో అంటించేవారట. అంటే మాస్కు గోల మొదటినుంచీ ఉన్నదే. నాకు ముక్కుపుడక ఉంది. డీలరిచ్చిన చిన్న సైజు మాస్కులో సిలికాన్ అంచు సరిగ్గా పుడక మీదే కూర్చునేది. అక్కడ సందు పడి, సన్నటి గాలి తిన్నగా ఎడమ కంట్లోకి కొట్టేది. పట్టీ బిగిస్తే ముక్కు దూలం మీద ఎర్రగా కందేది. చివరికి ఆస్పత్రి స్లీప్ ల్యాబ్‌లోని టెక్నీషియన్ అమ్మాయి నన్ను మంచం మీద పడుకోబెట్టి, ప్రెషర్ పెట్టి, రెండు వైపులా ఒత్తిగిల్లమని చూసింది. ఒక సైజు పెద్దది ఇచ్చింది. పుడక మాస్కు లోపలికి వెళ్లింది, అంచు చర్మం మీద ఆనింది. జడను కూడా వెనక పట్టీకి కిందుగా వదులుగా వేసుకోమంది. ఆ అమ్మాయి ఓపికకు ఎంత కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. కుర్చీలో కూర్చోబెట్టి చూసే అమరిక పడుకున్నప్పుడు నిలవదు.

ఇంకొక ముఖ్యమైన విషయం. కొన్ని మాస్కుల పట్టీలకు అయస్కాంతపు క్లిప్పులుంటాయి. మావారికి పేస్‌మేకర్ ఉంది. 2022, 2023లలో అయస్కాంతం పేస్‌మేకర్ పనికి అడ్డుపడొచ్చని పెద్ద కంపెనీలే ఈ మాస్కుల గురించి హెచ్చరికలు ఇచ్చాయి. పెట్టుకునేవాళ్లకే కాదు, పక్కన పడుకునేవాళ్లకు పేస్‌మేకర్ ఉన్నా ఇవి వాడకూడదు. అడగకపోతే షాపులో ఎవరూ చెప్పరు. అయస్కాంతం లేని క్లిప్పులవి దొరుకుతాయి, నేను వాడేది అదే.

రోజువారీ పని పెద్దదేమీ కాదు. సిలికాన్ భాగాన్ని పొద్దున్నే గోరువెచ్చని నీళ్లతో, ఘాటులేని సబ్బుతో కడిగి నీడలో ఆరబెడతాను. పడుకోబోయే ముందు ముఖానికి క్రీము, కొబ్బరినూనె రాయను. రాస్తే మాస్కు జారుతుంది. గాలికి తేమనిచ్చేందుకు మెషిన్‌కుండే నీళ్ల డబ్బాలో డిస్టిల్డ్ వాటరే పోయాలి, మిగిలినవి రోజూ పారబోయాలి. మా బోరు నీళ్లు పోస్తే తెల్లగా పొర కట్టేస్తుంది. జలుబు చేసినప్పుడు నాలుగు చుక్కలు నీలగిరి తైలం వేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, అస్సలు వేయకండి. ఆవిరి పట్టడం వేరు, రాత్రంతా ఆ గాలిని ఊపిరితిత్తుల్లోకి ఎక్కించుకోవడం వేరు. ఫిల్టరు ఆరు నెలలకోసారైనా మార్చమంటారు. మిర్చి యార్డుకు వెళ్లే లారీల దారిలో ఉన్న మా ఇంట్లో అది చాలా ముందే నల్లబడుతుంది.

ఎండాకాలంలో ఏసీ వేసుకుంటే గొట్టంలో ఆవిరి చల్లబడి నీళ్లు చేరతాయి, గురగుర చప్పుడు వస్తుంది. మెషిన్‌ను మంచం కంటే కిందుగా పెట్టి, పాత నూలు చీర ముక్కతో గొట్టానికి తొడుగు కుట్టాను, ఆగిపోయింది. మెషిన్‌లో బ్యాటరీ ఉండదు కాబట్టి కరెంటు పోతే గాలీ ఆగుతుంది, ఇన్వర్టర్ తప్పనిసరి. నీళ్లను వేడిచేసే హీటరే ఎక్కువ కరెంటు తింటుంది. కోతలున్న రాత్రి దాన్ని ఆపేస్తాను. ముక్కు కొంచెం పొడిబారుతుంది కానీ, మా పాత ఇన్వర్టర్ మీదే తెల్లవార్లూ నడుస్తుంది.