దూరపు కంప్యూటర్‌ను నడపడానికి ఏది మేలు: రస్ట్‌డెస్కా, ఎక్స్‌ఆర్‌డీపీనా, వీఎన్‌సీనా?

మరో ఊరిలో ఉన్న కంప్యూటర్‌ను ఇక్కడి నుంచి నడిపించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లలో ఏది మంచిదని అడిగేవారు సాధారణంగా వేగం గురించే అడుగుతారు. వేగంలో తేడా ఉన్న మాట నిజమే గానీ, ఎంపిక దారి తప్పేది ఎక్కువగా అక్కడ కాదు. అవతలి మనిషి ఇప్పుడు చూస్తున్న తెరనే మనమూ చూడాలా, లేక ఆ కంప్యూటర్‌లో మనకంటూ వేరే సెషన్, అంటే విడిగా ఒక డెస్క్‌టాప్, తెరుచుకోవాలా అన్నది మొదటి ప్రశ్న. ఆ కంప్యూటర్‌ను బయటి నుంచి నేరుగా చేరుకునే దారి ఉందా, లేదా అన్నది రెండో ప్రశ్న. ఈ రెండూ తేల్చుకోకుండా ఏదో ఒకటి ఇన్‌స్టాల్ చేసినవారికి ఎదురయ్యే నల్లటి తెర, టైమౌట్ వంటి చిక్కుల్లో చాలా భాగం అసలు సాఫ్ట్‌వేర్ లోపాలే కావు. అది తన పద్ధతిలో తాను పనిచేస్తుంటే మనం దాని నుంచి మరొకటి ఆశిస్తున్నామంతే.

రస్ట్‌డెస్క్ అవతలి మనిషి ముందున్న తెరనే వీడియోగా కుదించి మనకు పంపుతుంది. ఎక్స్‌ఆర్‌డీపీ అలా కాదు. అది లినక్స్ కంప్యూటర్‌ను మైక్రోసాఫ్ట్ వారి ఆర్‌డీపీ ప్రోటోకాల్‌లో మాట్లాడేలా చేసి, లాగిన్ అయిన వ్యక్తికి కొత్త డెస్క్‌టాప్ సెషన్ తెరిచి ఇస్తుంది. విండోస్‌తో పాటే వచ్చే రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌తోనే దానికి కనెక్ట్ కావచ్చు. కేంబ్రిడ్జ్‌లోని ఒలివెట్టి పరిశోధనశాలలో పుట్టిన వీఎన్‌సీ ఈ రెండు పనులూ చేయగలదు. టైగర్‌వీఎన్‌సీ ప్యాకేజీలో ఎక్స్‌వీఎన్‌సీ అనేది కొత్త సెషన్‌ను సృష్టిస్తుంది, ఎక్స్‌జీరోవీఎన్‌సీసర్వర్ అనేది అప్పటికే నడుస్తున్న తెరను చూపిస్తుంది. ఈ తేడా గమనించకుండా మొదటిదాన్ని నడిపి, తెరిచి ఉంచిన ఫైళ్లు కనబడడం లేదని కంగారు పడేవారు తక్కువేమీ కాదు.

తెనాలిలో ఉన్న తండ్రి ప్రింటర్ పనిచేయడం లేదని ఫోన్ చేస్తే, హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్న కూతురు ఆయన తెర మీద వచ్చిన ఎర్రర్‌నే చూడాలి. అక్కడ వేరే సెషన్ తెరిచి ప్రయోజనం లేదు. పైగా ఇళ్లలో వాడే ల్యాప్‌టాప్‌లలో తరచుగా ఉండేది విండోస్ హోమ్ ఎడిషన్, దానికి ఆర్‌డీపీ కనెక్షన్లను స్వీకరించే సౌకర్యం లేదు. ఆఫీసులో ఉన్న లినక్స్ యంత్రం మీద ఇంటి నుంచి పని చేసుకునే ఉద్యోగి అవసరం ఇందుకు పూర్తిగా భిన్నం. అతను టైపు చేసేదంతా ఆఫీసులోని మానిటర్ మీద ఆ గదిలోకి వచ్చినవారందరికీ కనబడుతూ ఉండడం ఎవరికీ క్షేమం కాదు.

ఇక దారి సంగతి. మొబైల్ డేటా మీదా, చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ల మీదా ఇప్పుడు ఇంటికి సొంత పబ్లిక్ ఐపీ చిరునామా దొరకదు. సర్వీస్ ప్రొవైడర్ ఒకే చిరునామాను అనేక మంది చందాదారులకు పంచుతాడు. దీన్నే సీజీనాట్ అంటారు. రౌటర్ పేజీలో కనిపించే వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే, లేదా మన ఐపీ ఎంతో చెప్పే వెబ్‌సైట్ చూపించే చిరునామాకు భిన్నంగా ఉంటే, మనం సీజీనాట్ వెనుక ఉన్నట్టే. అప్పుడు బయటి కనెక్షన్లను లోపలి కంప్యూటర్‌కు మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్‌ను రౌటర్‌లో ఎంత శ్రద్ధగా చేసినా ఫలితం ఉండదు. ఎక్స్‌ఆర్‌డీపీ, వీఎన్‌సీలకు ఈ సమస్యను దాటే ఏర్పాటు వాటంతట వాటికి లేదు కాబట్టి, రెండు చోట్లనూ ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే వైర్‌గార్డ్ వంటి వీపీఎన్‌నో, బయట ఉన్న సర్వర్ మీదుగా వేసుకున్న ఎస్‌ఎస్‌హెచ్ అనే గుప్తీకరించిన సొరంగాన్నో జత చేయాలి. రస్ట్‌డెస్క్‌ను మొదటి నుంచీ ఈ ఇబ్బందిని దృష్టిలో పెట్టుకునే కట్టారు.

రస్ట్‌డెస్క్ సర్వర్‌లో రెండు భాగాలు ఉంటాయి. హెచ్‌బీబీఎస్ అనేది పెళ్లిళ్ల పేరయ్య లాంటిది: ఏ ఐడీ గల కంప్యూటర్ ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకుని, ఇరుపక్షాలనూ కలిపి తాను పక్కకు తప్పుకుంటుంది. నేరుగా కలపడం కుదరనప్పుడు మాత్రమే హెచ్‌బీబీఆర్ అనే రిలే రంగంలోకి దిగి మొత్తం ట్రాఫిక్‌ను తన మీదుగా మోస్తుంది. కనెక్ట్ అయ్యాక ట్యాబ్ మీది చిన్న గుర్తు దగ్గర మౌస్ ఉంచితే, కనెక్షన్ నేరుగా ఉందా, రిలే మీదుగా ఉందా అన్నది తెలుస్తుంది. మౌస్ కదలిక ఆలస్యంగా కనబడుతోందని నాణ్యత సెట్టింగులతో కుస్తీ పట్టే ముందు ఇది చూడాలి, ఎందుకంటే రిలే సర్వర్ మరో ఖండంలో ఉంటే కోడెక్‌ను (వీడియోను కుదించే పద్ధతిని) మార్చినా పెద్దగా ఒరిగేది లేదు. ముంబయిలోనో హైదరాబాద్‌లోనో ఉన్న క్లౌడ్ కేంద్రంలో ఒక చిన్న సర్వర్ తీసుకుని ఈ రెండు ప్రోగ్రాములనూ అందులో నడుపుకోవడం, తెలుగు రాష్ట్రాల్లోని ఇళ్ల మధ్య వాడుకునేవారికి మంచి పరిష్కారం.

సొంత సర్వర్ పెట్టుకున్నవారికి ఎదురయ్యే చిక్కులు మాత్రం దాదాపు ఎప్పుడూ అవే. మొదటిది పోర్టుల విషయం. పోర్టులంటే సర్వర్‌లోకి వచ్చే నంబర్లున్న ద్వారాలు, టీసీపీ, యూడీపీ అనేవి వాటి గుండా డేటా పంపే రెండు పద్ధతులు. 21115, 21116, 21117 పోర్టులను టీసీపీకి తెరిచి, 21116ను యూడీపీకి కూడా తెరవాలన్న సంగతి మరిచిపోతారు. ఐడీ నమోదు, ఆ తరువాత ఎప్పటికప్పుడు సాగే పలకరింపు యూడీపీ మీదే నడుస్తాయి కాబట్టి, ఆ ఒక్కటి మూసి ఉంటే క్లయింట్ (మన కంప్యూటర్‌లోని రస్ట్‌డెస్క్) తన కిటికీ అడుగున సిద్ధంగా ఉన్నట్టు ఎప్పటికీ చూపించదు. సర్వర్‌లోని ఫైర్‌వాల్‌తో పాటు క్లౌడ్ కంపెనీ కంట్రోల్ ప్యానెల్‌లో మరో ఫైర్‌వాల్ ఉంటుంది, దాన్నీ చూసుకోవాలి. రెండోది తాళంచెవి. సర్వర్ మొదటిసారి నడిచినప్పుడు ఒక జత తాళంచెవులను తయారు చేసుకుంటుంది, అందులోని పబ్లిక్ కీని ప్రతి క్లయింట్‌లోనూ అతికించాలి. ప్రోగ్రామ్‌ను కంటైనర్ అనే విడి పెట్టెలో ఉంచే డాకర్‌లో నడుపుతూ డేటా ఫోల్డర్‌ను బయటి డిస్కుకు ముడిపెట్టకపోతే, కంటైనర్‌ను తిరిగి సృష్టించినప్పుడల్లా కొత్త కీ పుడుతుంది, మరునాటి నుంచి క్లయింట్లన్నీ కీ సరిపోవడం లేదని మొరాయిస్తాయి. మూడోది కొంచెం వింతగా ఉంటుంది: బయటి నుంచి అన్నీ సవ్యంగా పనిచేస్తాయి, సర్వర్ ఉన్న ఇంట్లోని వైఫై నుంచి మాత్రం పనిచేయవు. లోపలి కంప్యూటర్ తన ఇంటి పబ్లిక్ చిరునామాకే వెళ్లి వెనక్కి రావడాన్ని కొన్ని రౌటర్లు అనుమతించకపోవడమే ఇందుకు కారణం. ఇంటి లోపల ఆ డొమైన్ పేరుకు లోపలి చిరునామానే సమాధానంగా వచ్చేలా, పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్‌లో ఏర్పాటు చేస్తే సరిపోతుంది.

అవతలి యంత్రం వైపు కూడా కొన్ని జాగ్రత్తలు అవసరం. విండోస్‌లో రస్ట్‌డెస్క్‌ను ఇన్‌స్టాల్ చేయకుండా ఫైల్‌ను నేరుగా నడిపితే, అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడిగే కిటికీ రాగానే మన మౌస్ స్తంభించిపోతుంది. తెనాలిలోని తండ్రే అక్కడ నొక్కాలి, "నాన్నా, తెర మధ్యలో యెస్ అని కనబడుతోందా, అది నొక్కండి" అని ఫోన్‌లో చెప్పుకోవాలి. విండోస్‌తో పాటే వెనుక నడిచే సర్వీస్‌గా ఇన్‌స్టాల్ చేస్తే ఆ బాధ ఉండదు. మ్యాక్‌లో స్క్రీన్ రికార్డింగ్, యాక్సెసిబిలిటీ అనే రెండు అనుమతులూ ఇవ్వాలి. మొదటిది లేకపోతే తెర సరిగా కనబడదు, రెండోది లేకపోతే తెర కనబడుతుంది గానీ ఏదీ నొక్కలేము.

ఎక్స్‌ఆర్‌డీపీని నిలబెట్టడం ఇంతకంటే తేలిక అనిపిస్తుంది, ఒక్క ప్యాకేజీ వేస్తే 3389 పోర్టు మీద సిద్ధమవుతుంది. తరువాత వచ్చేదే ప్రసిద్ధమైన ఆ నల్లటి తెర: పాస్‌వర్డ్ అంగీకరిస్తుంది, క్షణం పాటు ఖాళీ తెర చూపిస్తుంది, కనెక్షన్ మూసుకుపోతుంది. ఆ యంత్రం ముందు అదే యూజర్ అప్పటికే లాగిన్ అయి ఉండడమే దీనికి అతి సాధారణమైన కారణం, ఎందుకంటే గ్నోమ్ వంటి లినక్స్ డెస్క్‌టాప్‌లు ఒకే యూజర్‌కు ఏకకాలంలో రెండు గ్రాఫికల్ సెషన్లను సహించవు. అక్కడి సెషన్ నుంచి లాగౌట్ అయితే చాలాసార్లు సమస్య అక్కడికక్కడే తీరుతుంది. తీరకపోతే, ఎక్స్‌ఆర్‌డీపీలో సెషన్లను నడిపే సెస్‌మ్యాన్ లాగ్ ఫైల్ తెరిచి చూడాలి. విండో మేనేజర్ మొదలైన వెంటనే ముగిసిపోయిందని చెప్పే వరుస అందులో ఉంటే, తప్పు ఎక్స్‌ఆర్‌డీపీది కాదు, అది ప్రారంభించబోయిన డెస్క్‌టాప్‌ది. దూరం నుంచి పని చేసుకోవడానికి విడిగా ఒక యూజర్ ఖాతా తెరిచి, అందులో గ్నోమ్‌కు బదులు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టుకోవడం నా దృష్టిలో ఉత్తమమైన పద్ధతి. కాపీ చేసినది అవతల పేస్ట్ కాకపోతే చాన్‌సర్వ్ అనే సహాయక ప్రోగ్రామ్ ఆగిపోయిందేమో చూడాలి, సెషన్ నుంచి లాగౌట్ అయి తిరిగి వస్తే అది మళ్లీ మొదలవుతుంది. శబ్దం రావడానికి విడిగా ఒక మాడ్యూల్ వేసుకోవాలి.

ఇన్ని తంటాలు ఉన్నా, నేరుగా చేరుకునే దారి ఉన్నచోట రోజంతా కూర్చుని పని చేయడానికి ఎక్స్‌ఆర్‌డీపీకే నా ఓటు. కనెక్షన్ తెగినా సెషన్ అలాగే ఉంటుంది, మధ్యాహ్నం కరెంటు పోయి ఇంటర్నెట్ ఆగినా మళ్లీ కనెక్ట్ అయినప్పుడు కర్సర్ ఆగినచోటే ఉంటుంది. తెర కొలత మన మానిటర్‌కు తగ్గట్టు అమరుతుంది కాబట్టి అక్షరాలు మసకబారవు.

ఉబుంటు 22.04లో గ్నోమ్ సెట్టింగుల్లోనే రిమోట్ డెస్క్‌టాప్ అనే మీట ఉంది, అదీ ఆర్‌డీపీయే. అయితే అది ఎక్స్‌ఆర్‌డీపీలా కొత్త సెషన్ తెరవదు, ఉన్న తెరనే పంచుతుంది. రెండూ 3389 కోసమే పోటీ పడతాయి కాబట్టి ఒకే యంత్రం మీద రెంటినీ వెలిగించి, ఏది జవాబిస్తోందో తెలియక తికమకపడడం మామూలే. ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకున్న యంత్రంలో పాస్‌వర్డ్‌లను దాచే కీరింగ్ తాళం తెరుచుకోదు, పాస్‌వర్డ్ అందులోనే దాగి ఉంటుంది కాబట్టి రీబూట్ తరువాత ఈ సౌకర్యం పలకదు. 2024 మార్చిలో వచ్చిన గ్నోమ్ 46లో ఎవరూ లాగిన్ కాకుండానే దూరం నుంచి లాగిన్ అయ్యే వీలు కల్పించారు. తెర మీద బొమ్మను చూపించడానికి వేలాండ్ అనే కొత్త వ్యవస్థను వాడే లినక్స్ యంత్రాలకు ఇది ఆలోచించదగిన మార్గమే, ఎందుకంటే వేలాండ్ మీద రస్ట్‌డెస్క్ ఇంకా పూర్తిగా కుదురుకోలేదు: తెరను పంచడానికి ఆ యంత్రం ముందున్నవారి అనుమతి అడుగుతుంది, లాగిన్ తెరను చూపించలేదు. మనిషి లేని చోట ఉన్న యంత్రానికి ఈ రెండు పరిమితులూ ప్రాణాంతకాలే.

వీఎన్‌సీని పాత పద్ధతిలో ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచడం మాత్రం ఏ పరిస్థితిలోనూ తగదు. దాని సంప్రదాయ పాస్‌వర్డ్ పద్ధతి మొదటి ఎనిమిది అక్షరాలనే లెక్కలోకి తీసుకుంటుంది, ఆ తరువాత ఎంత పొడుగు పెట్టుకున్నా అది అలంకారమే. తెర చిత్రాలు కూడా గుప్తీకరణ లేకుండానే ప్రయాణిస్తాయి. టైగర్‌వీఎన్‌సీలో టీఎల్‌ఎస్ గుప్తీకరణ ఉంది గానీ, సర్వర్‌ను లోపలి చిరునామాకే పరిమితం చేసి ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా చేరుకోవడం మరింత నిశ్చింత. ఒకటో నంబరు డిస్‌ప్లేకు పోర్టు 5901, రెండో దానికి 5902 అన్న లెక్క తెలియక 5900 మీద తలుపు తట్టేవారికి కనెక్షన్ తిరస్కరించారన్న సందేశమే వస్తుంది. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డులకు, ఒకే ఇంటి నెట్‌వర్క్ లోపలి అవసరాలకు వీఎన్‌సీ ఇప్పటికీ చాలు.

తెలుగులో టైపు చేసేవారు పట్టించుకోవలసిన విషయం ఒకటి ఉంది. రస్ట్‌డెస్క్ కీబోర్డు సెట్టింగుల్లో మ్యాప్ అనే పద్ధతి, మనం నొక్కిన మీట ఏ స్థానంలో ఉందో మాత్రమే అవతలికి చెబుతుంది, దాన్ని ఏ అక్షరంగా మార్చాలన్నది అవతలి కంప్యూటరే నిర్ణయిస్తుంది. కాబట్టి మన వైపు ఇంగ్లిషు కీబోర్డునే ఉంచి, అవతలి వైపు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డును ఎంచుకుంటే ఒత్తులూ గుణింతాలూ సక్రమంగా పడతాయి. ఇటూ అటూ రెండు చోట్లా తెలుగు పెడితే ఫలితం గందరగోళమే. ఎక్స్‌ఆర్‌డీపీ సెషన్‌లో, లినక్స్‌లో తెలుగు టైపింగ్‌ను నడిపే ఐబస్ అసలు మేల్కోకపోవడం తరచుగా వినిపించే ఫిర్యాదు. ఇంటర్నెట్‌లో దొరికే సూచనలు చూసి ప్రారంభ స్క్రిప్టులో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఆదేశాన్ని అన్నిటికంటే పైన రాసేస్తే, డెబియన్, ఉబుంటులలో ఇన్‌పుట్ పద్ధతులను సిద్ధం చేసే వరుసలు అసలు నడవవు. ఆ ఆదేశాన్ని యూజర్ హోమ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌సెషన్ ఫైల్‌లో రాసి, స్క్రిప్టును మునుపటిలాగే వదిలేస్తే ఐబస్ తనంతట తానే మొదలవుతుంది.

బ్రౌజర్ తప్ప మరేదీ వేసుకోనివ్వని కంప్యూటర్ నుంచి పని చేయాలంటే, అవతలి తెరను బ్రౌజర్‌లోనే చూపించే అపాచీ గ్వాకమోలీ ఉంది. పదుల కొద్దీ యంత్రాలను ఒకే చోటు నుంచి చూసుకోవాల్సిన కళాశాల ల్యాబుకు మెష్‌సెంట్రల్ మరింత తగినది. ఒకటి రెండు యంత్రాల కోసం ఈ రెంటి భారమూ మోయనవసరం లేదు.

ఇంట్లోవారికి సాయం చేయాలంటే సొంత సర్వర్‌తో రస్ట్‌డెస్క్, లినక్స్ మీద రోజువారీ పనికి వైర్‌గార్డ్ వెనుక ఎక్స్‌ఆర్‌డీపీ అన్నది నా సలహా. తల్లిదండ్రుల కంప్యూటర్‌లో రస్ట్‌డెస్క్ పెట్టేవారు శాశ్వత పాస్‌వర్డ్‌ను తేలికైనదిగా ఉంచకూడదు. అవతల మనిషి ఎప్పుడూ ఉండే చోట, క్లిక్‌తో అంగీకరిస్తేనే కనెక్ట్ అయ్యే పద్ధతిని ఎంచుకుంటే మరీ మంచిది. బ్యాంకు అధికారులమంటూ ఫోన్ చేసి ఇలాంటి ప్రోగ్రాముల ఐడీ అడిగి డబ్బు కాజేసే మోసాలు మనకు కొత్త కావు. ఆ ఐడీని మీ గొంతు గుర్తుపట్టిన తరువాత మీకు తప్ప ఇంకెవరికీ చెప్పవద్దని ఇన్‌స్టాల్ చేసిన రోజునే వారికి చెప్పాలి, ఒకవేళ మోసపోతే వెంటనే ఫోన్ చేయవలసిన సైబర్ నేరాల సహాయ నంబరు 1930ని మానిటర్ అంచున రాసి అతికించాలి.