ఒరిగిన చెట్టు: కొట్టించాలా, నిలబెట్టాలా?

తుపాను వెళ్లిన మర్నాడు మా ఇంటికొచ్చే ఫోన్లన్నిటిలో ఒకటే ప్రశ్న. మొన్నటి గాలివాన తర్వాత బరంపురం నుంచి మేనల్లుడు చేశాడు: “మావయ్యా, పెరట్లో జామచెట్టు ఒరిగిపోనాది. కొట్టించీమంటావా, నిలబెట్టమంటావా?” పర్లాకిమిడిలో ఉంటూ 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్ తుపాన్లు చూశాను కదా, నన్ను చెట్ల డాక్టరు అనుకుంటారు కాబోలు.

తెగిన కరెంటు తీగల సంగతి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అసలు విషయానికొస్తాను.

చెట్టు ఎంత వంగిందన్నదే అందరూ చూస్తారు. నేను కాండం మొదలు చూస్తాను. ఒకరు కాండం పట్టుకుని మెల్లగా ఊపాలి, ఇంకొకరు గొంతుక్కూర్చుని నేల చూడాలి. మట్టి కదల్లేదంటే చెట్టుకి ఢోకా లేదు, వంకరగానే బతుకుతుంది. గాలి వచ్చిన వైపు నేల పగిలి, ఊపినప్పుడల్లా చాప అంచు ఎత్తినట్టు లేస్తోందంటే ఆ పక్క వేళ్లు తెగాయి. ఇక కాండం లావుని బట్టే నిర్ణయం.

రెండు గుప్పిళ్లలో ఇమిడే కాండమైతే నిలబెట్టండి. జామ, నిమ్మ, సీతాఫలం, నాలుగైదేళ్ల మామిడి మొక్క, ఏదైనా సరే. అయితే రెండు రోజుల్లోపే. అంతవరకూ బయటపడ్డ వేళ్ల మీద తడి గోనెసంచి కప్పి ఉంచాలి. తాడు కట్టి లాగేయడం మాత్రం వద్దు, మిగిలిన వేళ్లూ తెగుతాయి. ముందు లేచిన వేళ్ల కింద మట్టి తవ్వి, అవి మళ్లీ కూర్చునేలా గొయ్యి చేయాలి. చీలిన వేళ్ల చివర్లు కత్తితో నున్నగా కోసి, కొమ్మల్లో మూడో వంతు తగ్గించి, అప్పుడు లేపాలి. వేళ్లు తగ్గాక అంత ఆకుకి నీళ్లు అందవు మరి. మూడు వెదురు బొంగులు ఊతం. కట్టడానికి ఇనప తీగ వద్దు, బెరడు కోసేస్తుంది. పాత సైకిల్ ట్యూబు మేలు. కొంచెం ఊగేలా వదులుగా కట్టి, ఏడాది ఉంచితే చాలు.

లావు చెట్టు దగ్గరే మనసు మోసం చేస్తుంది. తిత్లీకి మా పెరట్లో మామిడి పడింది. మా నాన్న వేసిన చెట్టు, కొట్టించడానికి ప్రాణం ఒప్పలేదు. ట్రాక్టరు పెట్టి లేపించాను. ఆర్నెల్లకి చిగురేసింది, వీధి వీధంతా మెచ్చుకుంది. మూడేళ్లకి గులాబ్ రాత్రి స్నానాలగది రేకుల మీద పడింది. తీరం దాటేటప్పుడు తిత్లీ గాలి గంటకు 140-150 కిలోమీటర్లు, గులాబ్‌ది 75-85. అంటే దాదాపు సగం గాలికే పోయింది. పొద్దున్న చూస్తే తిత్లీకి తెగిన లావు వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. కొత్తగా వచ్చినవన్నీ పీచు వేళ్లే. అవి చెట్టుకి తిండి పెడతాయి గానీ పట్టు ఇవ్వవు. ఆ చిగురు చూసే నేను మోసపోయాను. అందుకే ఇంటివైపో, గోడవైపో, దారివైపో పడే లావు చెట్టు మొదలు లేచిందంటే ఇక నా మాట ఒకటే: కొట్టించండి.

కొట్టించేటప్పుడు పిల్లల్ని ఆ గొయ్యి దగ్గరికి రానివ్వకండి. మా మామిడి కాండం మీద రంపం ఆఖరి పోటు పడగానే, వేళ్ల ముద్దతో సహా మోడు ధబ్బున లేచి గోతిలో నిటారుగా కూర్చుంది. అంతకు ముందు నిమిషమే ఆ గోతిలో రంపం మనిషి చెప్పులు విప్పి పెట్టాడు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

కొబ్బరి లెక్క వేరు. కొబ్బరితోటలకి పేరుపడ్డ శ్రీకాకుళం ఉద్దానం వాళ్లకి నేను చెప్పేదేముంది గానీ, పెరట్లో ఒకటీ రెండూ ఉన్నవాళ్ల కోసం: మొదలు గట్టిగా ఉంటే వంగినా పర్వాలేదు, మట్టి ఎగదోసి వదిలేయండి. చూడాల్సింది మొవ్వ, అంటే చెట్టు తలలో నడుమనుండే లేత చిగురు. అది వాడి, లాగితే ఊడి చేతిలోకొస్తే చెట్టు పోయినట్టే. కొట్టించిన దుంగల్ని మాత్రం తర్వాత చూద్దాంలే అని పెరట్లో పడేయకండి. అవి కుళ్లితే అందులో కొమ్ము పురుగు పెరుగుతుంది, బతికిన చెట్ల మొవ్వలు తినేస్తుంది.

అరటి, బొప్పాయి, మునగ గురించి ఆలోచన అనవసరం. నరికేయండి. అరటికి పిలకలొస్తాయి, మునగ కొమ్మ గుచ్చితే చాలు.

మేనల్లుడి జామ రెండు గుప్పిళ్లలో పడుతుందట. సాయంత్రానికి ముగ్గురు కలిసి నిలబెట్టారు. సైకిల్ ట్యూబు దొరక్క మా చెల్లి పాత చీర చింపారని, ఆ గొడవ తీర్చమని మళ్లీ ఫోను.